ఉత్తర ముఖం ఇంటి ముందు ముసలి పొదలు: ఏవి తీయాలి, ఏవి ఉంచాలి, ఏం నాటాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్ శివారులో ఉత్తర ముఖం ఇల్లు, జీ ప్లస్ వన్. ప్రహరీ గోడకు లోపలి వైపు 24 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న మట్టి పట్టీ. గృహప్రవేశం అప్పుడు, అంటే పన్నెండేళ్ల కిందట పెట్టిన 14 గోల్డెన్ దురంతాలు, తూర్పు వైపు మూడు నూరువరహాలు, పడమటి చివర మందారం, మధ్యలో నందివర్ధనం ఉన్నాయి. దురంతాలు కింద మోళ్లుగా మారి పైన మాత్రమే ఆకు మిగిలింది. నూరువరహాలు పసుపుపచ్చగా తిరిగాయి, మందారానికి తెల్లటి దూది పట్టింది. అన్నీ పీకేసి కొత్తగా వేద్దామనుకుంటే నర్సరీ ఆయన 40 మొక్కల లిస్టు ఇచ్చారు. మీ అత్తయ్యగారికి పూజకు పూలు కావాలి. పిల్లలకు సెలవులు కాబట్టి మే నెలలోనే పని ముగించాలని ఉంది.

ఇరవై రెండేళ్లుగా ఇళ్ల ముందు తోటలు వేస్తున్నాను, పాతవి తీసి కొత్తవి నాటే పనే ఎక్కువగా వస్తుంది. మీ పట్టీకి 40 మొక్కలు అక్కర్లేదు. పెద్ద పొదలు కొత్తగా రెండు చాలు. ఎందుకో చెప్తాను, కానీ దానికి ముందు మీ పాత మొక్కలు ఎందుకిలా అయ్యాయో తెలియాలి. అది తెలియకుండా నాటితే ఇప్పుడు పెట్టేవి కూడా నాలుగైదేళ్లలో ఇదే స్థితికి వస్తాయి.

అన్నిటికన్నా పెద్ద కారణం నీడ. "మాకు ఎండ బాగానే పడుతుంది" అని రాశారు, ఫొటోలో కూడా పట్టీ అంతా ఎండే ఉంది. ఆ ఫొటో ఈ వేసవిలో తీసింది కదా! హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఉత్తర ముఖం ఇళ్ల ముందు కూడా ఎండ మండిపోతుంది. అదే డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా జరిగిపోతాడు, మధ్యాహ్నం కూడా ఏటవాలుగానే ఉంటాడు. మీ ఇల్లు దాదాపు 22 అడుగుల ఎత్తనుకుంటే, డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం ఇంటి నీడ ఉత్తరం వైపు సుమారు 19 అడుగులు పడుతుంది. మీ పట్టీ ఇంటి గోడకు 12 అడుగుల దూరంలోనే ఉంది. లెక్క వేస్తే, ఇంచుమించు దీపావళి నుంచి శివరాత్రి దాకా మీ పట్టీ మధ్యభాగానికి మధ్యాహ్నం ఎండ లేదు. రెండు చివర్లకు మాత్రం పక్క సందుల్లోంచి కాసేపు పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ వస్తుంది. మీ మందారం పడమటి చివర ఉండబట్టే ఇంకా పూస్తోంది.

గోల్డెన్ దురంతా పూర్తి ఎండ మొక్క. నీడలో దాని బంగారు రంగు పోయి పచ్చబడుతుంది, కొమ్మలు సన్నగా వెలుతురు వైపు సాగుతాయి. దీనికి తోడు కత్తిరింపు దెబ్బ. మీ ఫొటోలో పొద పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంది. కత్తెర పట్టుకుని నిలబడి కత్తిరిస్తే చేతికి అందినంత వరకు పైభాగమే గుండ్రంగా వస్తుంది, ఏడాది తిరిగేసరికి అది గొడుగులా పరుచుకుని కింది ఆకుకు వెలుతురు రానివ్వదు. వెలుతురు రాని కొమ్మ ఆకు రాల్చేస్తుంది. కంచెగా పెంచే పొద ఏదైనా సరే, అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను కాస్త సన్నంగా ఉండేట్టు కత్తిరించాలి. మీ తోటమాలికి ఈ ఒక్క సంగతి దగ్గరుండి చూపించండి.

రెండో కారణం మట్టి. ప్రహరీ కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, సున్నం అన్నీ గోడ వారనే పూడ్చేసి పైన అరడుగు ఎర్రమట్టి పోస్తారు. దాదాపు ప్రతి ఇంటి దగ్గరా ఇదే చూస్తాను. మీ ఇంట్లోనూ ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గోడకు జానెడు దూరంలో అడుగు లోతు తవ్వి, అక్కడి మట్టి గుప్పెడు తీసి పళ్లెంలో పొడిగా ఆరబెట్టండి. దానిమీద నిమ్మకాయ పిండి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా చుయ్‌మని బుడగలు వస్తే సున్నం ఉన్నట్టే. పట్టీ మధ్యలోంచి ఇంకో గుప్పెడు తీసి అలాగే చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము ఉన్నా నూరువరహాల వేరు తీసుకోలేదు. లేతాకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మీ మూడో ఫొటోలో ఉన్న ఆకు సరిగ్గా అదే. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే ఇది ఇంకా ముదురుతుంది. ఫిల్టరు నుంచి వదిలే ఆర్వో నీళ్లు మొక్కలకు పోస్తున్నామని రాశారు. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే గానీ, ఆ నీళ్లలో ఉప్పులు బోరు నీళ్లకన్నా చిక్కగా ఉంటాయి. వాటిని వాకిలి కడగడానికి వాడండి, మొక్కలకు వద్దు. నర్సరీలో ఇచ్చే డీఏపీ కూడా నూరువరహాల మొదట్లో వేయకండి, భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకా అందకుండా పోతుంది.

ఇక మీరు మూడుసార్లు మొక్క పెట్టినా చచ్చిపోయిందన్న చోటు. ఫొటోలో మీటరు బోర్డు కింద నేలలో చిన్న సిమెంటు మూత కనిపిస్తోంది. అది ఎర్త్ పిట్ అయ్యుంటుంది. పాత పద్ధతి ఎర్తింగ్‌లో గుంటలో బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు, వేసవిలో ఎర్త్ సరిగ్గా అందాలని నీళ్లు కూడా పోస్తుంటారు. ఆ ఉప్పు చుట్టూ మట్టిలోకి దిగుతుంది. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంట్లో ఒకేచోట మూడు నూరువరహాలు వరసగా మార్చాను. ప్రతిసారీ ఆకుల అంచులు మాడి నెలన్నరలో పోయేవి. ఆ ఇంటి పెద్దావిడ "మా నేల అచ్చిరాలేదు బాబూ" అని బాధపడితే నాకూ మనసుకు కష్టంగా ఉండేది. నాలుగోసారి తవ్వినప్పుడు గడ్డపారకు బొగ్గు తగిలింది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు ఎర్త్ పిట్ ఎక్కడుందో అడుగుతాను. మీరు అక్కడ మొక్క ఆశ వదులుకోండి. చుట్టూ రెండడుగులు వదిలి గులకరాళ్లు పరిచి, కావాలంటే ఒక కుండీ పెట్టుకోండి.

ఏవి ఉంచాలో ఇప్పుడు చూద్దాం. నందివర్ధనాన్ని దయచేసి తీయకండి. దాని కాండం మొదట్లో గోటితో కాస్త గీకి చూడండి, కింద పచ్చగా ఉంటుంది, తెల్లటి పాలు వస్తాయి. మోటుగా కనిపించినా అది ఆరోగ్యంగా ఉన్న మొక్క. నందివర్ధనం గట్టి కత్తిరింపును తట్టుకుంటుంది, సగం నీడలోనూ పూస్తుంది. తొలకరి పడ్డాక బాగా ముదిరిన కొమ్మల్లో మూడో వంతు నేలకు అడుగు ఎత్తులో కోసేయండి. కింది నుంచి కొత్త చిగుళ్లు వచ్చాక, వచ్చే ఏడాది ఇంకో మూడో వంతు, ఆపై ఏడాది మిగతావి. మూడేళ్లలో కొత్త పొద అవుతుంది, మధ్యలో ఒక్క సీజను కూడా పూలు ఆగవు. పాలు కళ్లలో పడకుండా జాగ్రత్త.

మందారం కూడా ఉంచండి. ఆ తెల్లటి దూది పిండినల్లి. ఎక్కువ పట్టిన కొమ్మ చివర్లు కోసి సంచిలో కట్టి పారేయండి, అక్కడే కుప్ప వేస్తే తిరిగి ఎక్కేస్తాయి. మిగతా మొక్కను పైపుతో నీళ్లు జోరుగా కొట్టి కడగండి. మర్నాడు సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె కలవడానికి కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. వారానికోసారి మూడు వారాలు చేయాలి. చీమలు కాండం మీద బారులు తీరి ఎక్కుతుంటే పిండినల్లి ఇంకా ఉన్నట్టే. దానినుంచి కారే తీపి కోసం చీమలే వాటిని కాపాడతాయి.

నూరువరహాల్లో గోడకు ఆనుకుని ఉన్నది ఇక రాదు, తీసేయండి. మిగతా రెంటికీ ఒక అవకాశం ఇవ్వండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి, వారం తేడాతో రెండు మూడుసార్లు. ముసలాకు పచ్చబడదు, కొత్త చిగురు చూసి ఫలితం తెలుసుకోవాలి. పక్కన గ్రానైటు, టైల్స్ ఉంటే గోనెపట్టా కప్పండి, అన్నభేది మరక తుప్పు రంగులో పడితే పోదు. మొదట్లో మట్టికి వేయాలనుకుంటే షాపులో ఐరన్ చిలేట్ (వేరుకు అందే రూపంలో ఉండే ఇనుము) అని మాత్రమే అడగకండి, ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి. మామూలుగా దొరికే ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో నిలవదు.

దురంతాలు పద్నాలుగూ తీసేయండి. ఎండ ఉన్న చోటైతే అడుగు ఎత్తుకు కోసి మళ్లీ చిగురించుకోమనేవాడిని, అవి బాగా తిరిగి వస్తాయి. మీ నీడలో ఆ ప్రయత్నం దండగ. దాని పసుపు కాయలు విషం కూడా, చిన్నపిల్లలున్న ఇంట్లో అది పోవడమే నయం.

తీసే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నష్టాలన్నీ ఇక్కడే జరుగుతాయి. తవ్వేముందు సంపు నుంచి ఇంట్లోకి వెళ్లే పైపు, బోరు మోటారు వైరు, డ్రైనేజీ చాంబర్ల మధ్య లైను ఎటు పోతున్నాయో ప్లంబరునో, ఇల్లు కట్టిన మేస్త్రీనో అడిగి నేలమీద ముగ్గుపిండితో గీతలు గీయండి. ముందు రోజు సాయంత్రం పట్టీ అంతా నీళ్లు పెట్టండి. మర్నాడు పొదను రెండడుగుల ఎత్తుకు కోసి, ఆ మోడును పిడిగా వదిలేయండి. చుట్టూ అడుగు దూరంలో గడ్డపారతో తవ్వుకుంటూ వెళ్లి అడ్డొచ్చిన వేర్లను కోస్తే, మోడు పట్టుకుని ఊపగానే వచ్చేస్తుంది. తాడు కట్టి బండితో లాగించకండి. వేరు పైపు చుట్టూ పట్టుకుని ఉంటే పైపుతో సహా వస్తుంది. వేర్లు పూర్తిగా ఏరేయండి, ఇంటి దగ్గర మట్టిలో చచ్చిన వేర్లు మిగిలితే చెదలు చేరతాయి.

ఈ తవ్వకం మే నెలలో చేయడం చాలా మంచిది, సెలవుల్లో చేయాలన్న మీ ఆలోచన ఇంతవరకు సరైనదే. గోడ వార రెండడుగుల వెడల్పున, అడుగున్నర లోతు దాకా పెళ్లలు, ఇటుకలు ఏరేసి, మట్టిని తిరగేసి రోహిణి కార్తె ఎండకు వదిలేయండి. నాటడం మాత్రం మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాకే. మే నెల ఎండలో నాటిన మొక్కకు రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా వేరు సాగక ముందే ఆకు ఎండిపోతుంది. ఖాళీ పట్టీ నెల రోజులు చూడటానికి బాగుండదు, నిజమే. ఆ నెల ఓపిక పట్టండి.

మీది మొరం కలిసిన ఎర్ర చల్కా కాబట్టి నీళ్లు ఇంకడంలో ఇబ్బంది రాదు. ఇది చదివే గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లకు నల్లరేగడి అయితే లెక్క వేరు. అక్కడ గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఎత్తు మడి చేసి నాటండి, ఇంటి పునాది పక్కనే రోజూ నీళ్లు పెట్టకండి, ఆ నేల తడికి ఉబ్బి ఎండకు కుంగుతూ గోడను కదిలిస్తుంది.

ఇప్పుడు నర్సరీ లిస్టు: 20 ఫైకస్, 12 మధుకామిని, 8 అరేకా పామ్. ఫైకస్ మర్రి, రావి కుటుంబం. మూడున్నర అడుగుల పట్టీలో, ప్రహరీకీ సంపుకూ మధ్య దాన్ని పెట్టడం గోడను పణంగా పెట్టడమే. మధుకామిని, అంటే నాగగొలుగు, నాకు చాలా ఇష్టమైన మొక్క, పూస్తే వీధంతా వాసన. కానీ మీ పెరట్లో నిమ్మచెట్టు ఉందని రాశారు. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటించే సిల్లా పురుగు నాగగొలుగు మీద హాయిగా బతుకుతుంది. నిమ్మచెట్టు ఉన్న ఇంట్లో నేను కామిని పెట్టను. అరేకాలు అందంగా ఉంటాయి గానీ పెరిగితే పట్టీ మొత్తం ఆక్రమిస్తాయి, పూజకు పువ్వూ రాదు. ఎవరైనా కోనోకార్పస్ పెట్టమంటే ఒప్పుకోకండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. అలాగే గన్నేరు దేవుడి పువ్వే అయినా మొక్కంతా విషం, చేతికందేది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్నారు కాబట్టి మీ ఇంటికి వద్దు.

పడమర నుంచి మొదలుపెడితే నా అమరిక ఇది. మొదటి ఐదడుగులు మందారానిదే. ఏడో అడుగు దగ్గర కొత్త నందివర్ధనం, ముద్ద రకం. పదకొండు పన్నెండు అడుగుల దగ్గర మీ పాత నందివర్ధనం ఉంది, అది రేక రకంలా కనిపిస్తోంది, రెండూ ఉంటే అత్తయ్యగారికి రెండు రకాల పూలు. పదిహేనో అడుగు దగ్గర చిన్నాకు నందివర్ధనం, మూడడుగులు దాటి పెరగదు. తర్వాత మీ నూరువరహాలు రెండూ. చివరి నాలుగైదు అడుగులు ఈశాన్యం, అక్కడే సంపు ఉంది. వాస్తు ప్రకారం ఈశాన్యంలో బరువైన చెట్లు వద్దంటారు, సంపు గోడలోకి వేర్లు దూరకుండా ఉండాలంటే నేను చెప్పేదీ అదే. అక్కడ పై వేర్లతో బతికే చిన్న మొక్కలే వేయాలి. కనకాంబరం సరిగ్గా సరిపోతుంది, దానికి సగం నీడ ఇష్టం.

అత్తయ్యగారు పారిజాతం అడిగారని రాశారు. అది పొద కాదు, పది పన్నెండు అడుగులకు పెరిగే చిన్న చెట్టు. ఈ పట్టీలో ఇరుకైపోతుంది. ఇంటి పడమటి సందులో ఐదడుగులు ఖాళీ ఉందన్నారు కదా, సాయంత్రపు ఎండ వచ్చే ఆ చోట పెట్టండి. పూలు తెల్లవారేసరికి నేలరాలతాయి, కింద శుభ్రంగా అలికి ఉంచుకుంటే ఆవిడ ఏరుకోవచ్చు.

మొక్కలు కొనేటప్పుడు పెద్ద కవరు చూసి మోజుపడకండి. హైదరాబాద్‌కు వచ్చే మొక్కల్లో చాలావరకు తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీలవి. మొక్కలు చక్కగా ఉంటాయి, కానీ కవర్లో ఉండేది గోదావరి ఒండ్రుమట్టి, జిగురుగా ఉంటుంది. దాన్ని అలాగే మన గరుకు ఎర్రమట్టిలో పెడితే ఆ పెళ్ల ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది. మీరు పోసిన నీళ్లు పెళ్ల చుట్టూ జారి కిందికి పోతాయి గానీ లోపల వేరు తడవదు. మొక్క వాడిపోతుంటే చుట్టూ బురదగా ఉంటుంది, మీకు అర్థం కాక ఇంకా నీళ్లు పోస్తారు. చాలామంది మొక్కలు ఇలాగే పోగొట్టుకుంటున్నారు. నాటేముందు కవరుతో సహా బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. తర్వాత కవరు కోసి, పెళ్ల అంచులను వేళ్లతో వదులు చేయండి. వేర్లు కవరు ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఉంటే నాలుగు వైపులా నిలువుగా కత్తితో గాటు పెట్టండి. చేయి వణికినా పెట్టండి, ఆ చుట్టు విప్పకపోతే వేరు ఎప్పటికీ బయటి మట్టిలోకి రాదు.

గుంట అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. ప్రహరీ నుంచి మొక్క మొదలు కనీసం రెండడుగులు ఉండాలి. తవ్విన మట్టి రెండు వంతులు, మంచి ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి పూడ్చండి. పెళ్ల పైభాగం నేలమట్టానికి సమానంగా ఉండాలి, కాండాన్ని మట్టితో కప్పకూడదు. పాదు మొక్క మొదట్లో కాకుండా పెళ్ల అంచు దాటి చేయండి. పైన ఎండుటాకు మూడు అంగుళాలు పరిచి, కాండం చుట్టూ మాత్రం నాలుగు వేళ్లు వదలండి. మొదటి మూడు వారాలు వాన పడని రోజు నీళ్లు తప్పనిసరి. తర్వాత వేలు రెండు కణుపుల దాకా గుచ్చి పొడిగా ఉంటేనే పోయండి. కొత్త చిగురు జానెడు రాగానే కొస తుంచితే కింది నుంచి గుబురుగా వస్తుంది. పొద ఎత్తు పెరిగే తొందరలో ఈ పని వదిలేస్తే మళ్లీ మోళ్లే.

మొదటి ఏడాది మొక్కల మధ్య ఖాళీలు చూసి మీకు, ఇంటికొచ్చినవాళ్లకు కూడా "ఇంతేనా" అనిపిస్తుంది. ఇంకో నాలుగు మొక్కలు ఇరికించాలన్న టెన్షన్ వస్తుంది. ఇరికించకండి. ఆ ఖాళీల్లోనూ, సంపు పక్క కనకాంబరం చోట్లోనూ జూలైలో బంతి నారు వేయండి. కనకాంబరానికి పెద్ద శత్రువు వేర్ల మీద బుడిపెలు కట్టించే నులిపురుగులు, బంతి వేర్లు వాటిని తగ్గిస్తాయి. బతుకమ్మకు, దసరా గుమ్మానికి పూలు మీ ఇంట్లోవే అవుతాయి. పూత అయిపోయాక మొక్కల్ని నేలమట్టానికి కోసి, వేర్లను అక్కడే కుళ్లనిచ్చి, ఎండ ముదరకముందే ఫిబ్రవరిలో ఆ చోట కనకాంబరం నారు పెట్టించండి.